మధ్యన గుండీ

ఆ గదిలో ఆమె పేరు పావంగుళం. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ పెద్దమ్మా అనేవారు. అటు తిరిగితే చాలు, పావంగుళం వచ్చింది, పావంగుళం ముఖం మాడ్చుకుంది, పావంగుళానికి పొద్దున్నే దారం తెగింది కాబట్టి ఎవరూ అటు వెళ్ళకండి. ఆమెకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. మనిషికి ఒక కొలత పేరు పెట్టారంటే ఆ మనిషిలో కొలవదగ్గది ఏదో ఉన్నట్టే కదా. మిగతావాళ్ళకు అలాంటి పేరు పెడదామన్నా వాళ్ళలో ఏముంది గనుక.

సైకిళ్ళు బాగుచేసే దుకాణం పైనున్న మేడగది అది. కిందనుంచి రోజంతా రబ్బరు జిగురు వాసన వచ్చేది. ఆరు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, పొడవాటి కటింగు బల్ల, తలుపు పక్కన చీకటి మూలలో దారాలు కత్తిరించే పొట్టి బల్ల. అక్కడ బొంతలు కుట్టేవారు. పాతగుడ్డలు ఒకదానిమీద ఒకటి పరిచి పొడుగు కుట్లు వేసే బొంతలు కావు. రంగురంగుల కొత్తగుడ్డను కోసుగా, చంద్రవంకగా కత్తిరించి, ఆ ముక్కల్ని మిషను మీద అతికి, చక్రాలూ నక్షత్రాలూ తేల్చే బొంతలు. ఒక చక్రానికి పదహారు సన్నటి కోసులు, మొన తేలిన త్రికోణపు ముక్కలు. పదహారు మొనలూ నడిమధ్యన ఒకే చోట కలవాలి. అంచు చుట్టూ వంపు తిరిగిన వలయం ఒకటి వస్తుంది. ఆ వలయానికీ మొనలుంటాయి, అవి ఈ కోసుల కుట్లను ఒక్కొక్కదాన్నీ సరిగ్గా నెత్తిమీద తాకాలి. ఎక్కడ తప్పినా చక్రం వంకరపోయిన సైకిలు చక్రంలా ఉంటుంది. అది కింద దుకాణంలో బాగవుతుంది, పైన కాదు అని పావంగుళం అనేది.

మనుషుల్ని ఆమె రెండు రకాలుగా విడదీసింది: మొనలు కలపగలిగినవాళ్ళు, కలపలేనివాళ్ళు. మొదటి రకంలో తను ఒక్కతే. రెండో రకంలో ప్రపంచం.

ఆ ప్రపంచానికి పెద్ద ఆ గది యజమాని, డ్రాయింగు మాస్టారు. బడిలో పిల్లలచేత ముప్పై ఏళ్ళు కూజా బొమ్మ గీయించి, ఉద్యోగం అయిపోయాక ఈ గది అద్దెకు తీసుకున్నాడు. ఒక్కరోజైనా మిషను ముందు కూర్చున్న మనిషి కాదు. కాగితం మీద చక్రం గీసేవాడు, పెన్సిలుతో మధ్యన ఒక చుక్క పెట్టి పదహారు గీతలూ దానిలోకి లాగేసేవాడు, చేతులు దులుపుకుని ఇంతేనమ్మా అనేవాడు. గీతకు మందం ఉండదు మాస్టారూ, గుడ్డకు ఉంటుంది అని ఆమె పాతికేళ్ళలో వందసార్లు చెప్పింది. ఆయన వందసార్లూ చిరునవ్వు నవ్వాడు. బుర్రలో ఏమీ దిగనప్పుడు మర్యాదస్థులు అలాగే నవ్వుతారని ఆమె అభిప్రాయం.

ఇంట్లో ఆమె భర్త. బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. కదిలే బండిలో నిలబడి ఇన్నేళ్ళు టిక్కెట్లు చింపిన మనిషి, కదలని ఇంట్లో కూర్చుని గ్లాసెడు మంచినీళ్ళు ఒలక్కుండా తాగలేడు. దీన్ని ఆమె వచ్చినవాళ్ళందరికీ ఆయన ఎదురుగానే చెప్పేది. ఆయన పేపరు చదువుతూ తల ఊపేవాడు, ఎవరి గురించో అన్నట్టు.

ఆమె పనితనం గురించి మాత్రం వంక పెట్టడానికి లేదు. కుట్టుకు పావంగుళం గుడ్డ వదలాలన్నది ఆ గదిలో అందరికీ తెలిసిన లెక్క. ఆమె తన మిషను మీద, సూదికి కుడిపక్కన, మూడు పేకముక్కలు కలిపి అతికించి చిన్న గోడలా పెట్టుకుంది. గుడ్డ అంచు ఆ గోడను రాసుకుంటూ పోతే కుట్టు గీత గీసినట్టు పడుతుంది. పైముక్క ఇస్పేటు రాణి. గుడ్డ రాసుకుని రాసుకుని రాణిగారి ముఖం సగం అరిగిపోయింది. ఇది అందరికీ కనిపించేది.

కనిపించనిది ఏమిటంటే, ఆ గోడ సూదికి పావంగుళం దూరంలో లేదు. ఒక పోగు తక్కువ దూరంలో ఉంది. కుట్టాక గుడ్డను తిప్పి మడిచినప్పుడు, ఆ మడత ఒక పోగు వెడల్పును మింగేస్తుంది. మింగబోయేదాన్ని ముందే లెక్కలోంచి తీసి ఇవ్వాలి. ఇవ్వకపోతే, సన్నటి కోసులో పక్కన తప్పిన ఒక్క పోగు మొన దగ్గరికి వచ్చేసరికి పది పోగులవుతుంది. పదహారు మొనలూ పది పోగులు తప్పాక ఇక అక్కడ కలిసేదేముంది.

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టానని ఆమె ఒప్పుకునేది కాదు. చెప్పడం తన పని కాదు, అంతే. కళ్ళున్నవాళ్ళు చూసి నేర్చుకుంటారు. పాతికేళ్ళుగా ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికీ కళ్ళు లేవని ఖాయం చేసుకుంది.

అందరిలోకీ కళ్ళు లేనిది, ఆమె దృష్టిలో, సొంత చెల్లెలు. ఆమెకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. గదిలో పనిచేసే ఆడపిల్లలకు ఈమె పెద్దమ్మ అయితే ఆవిడ పిన్ని. బొద్దుగా ఉంటుంది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే ఏదో కూనిరాగం తీస్తుంది. వంపు కుట్టేటప్పుడు మూడు గుండుసూదులు గుచ్చుతుంది. పావంగుళం ఒక్కటి కూడా గుచ్చదు, లోపలికి వంగిన ముక్కను పైన ఉంచి, వేళ్ళతోనే తిప్పుతూ లాగేస్తుంది. కొత్త గుడ్డ వచ్చిన ప్రతిసారీ చెల్లెలు మూడు పీలికలు కత్తిరించి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పీలికను స్కేలుతో కొలుచుకునేది. అరగంట దండగ. మొదలైంది దీని బొమ్మలాట అనేది అక్క, గదంతా వినపడేలా.

అదంతా సరే. చెల్లెలు చేసే అసలు పాపం వేరే ఉంది. చక్రం పూర్తయ్యాక నడిమధ్యన, మొనలన్నీ కలిసే చోట, గుడ్డ చుట్టిన గుండీ ఒకటి కుట్టేసేది. ప్రతి చక్రానికీ. కొనేవాళ్ళు గుండీ బొంతలే అడిగేవారు కూడా, అది వేరే ఏడుపు. కొనేవాళ్ళకు ఏం తెలుసు. గుండీ అంటే ఏమిటి. కింద కంపు ఉంది, మూత పెట్టాను అని చెప్పడం. దొంగ రసీదు మీద ముద్ర వేసినట్టు ఉంటుందే నీ గుండీ అని అక్క అనేది. చెల్లెలు నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి జవాబు చెప్పేది కాదు. సూదులు తీశాక కూడా చెప్పేది కాదు.

ఇలా సాగుతుండగా ఊళ్ళో కొత్తగా కట్టిన కంటి ఆసుపత్రి వాళ్ళు మాస్టారి దగ్గరికి వచ్చారు. రోగులు కూర్చునే హాలులో గోడకు వేలాడదీయడానికి ఒక పెద్ద బొంత కావాలన్నారు. ఒకటే చక్రం, నిలువెత్తు. మాస్టారు రెండు కాగితాలు అతికించి నిండుగా గీశాడు. ముప్పై రెండు కోసులు, చుట్టూ వలయం. ఆ కాగితం గోడకు గుచ్చి, చూపుడువేలు మధ్య చుక్క మీద పెట్టి కొంచెం తటపటాయించాడు. ముప్పై రెండు మొనలు ఒక్క చోట కలవడం ఈ గదిలో ఎప్పుడూ జరగలేదు కాబట్టి, అవసరమైతే మధ్యన పిన్నిగారి గుండీ ఒకటి పెట్టేద్దాం అన్నాడు.

పావంగుళం మిషను ఆపింది.

"గుండీ పెట్టాల్సొస్తే నేను మిషను దిగిపోతాను మాస్టారూ. అదిగో, ఆ పొట్టి బల్ల దగ్గర కూర్చుని దారాలు కత్తిరించుకుంటాను."

ఆ గదిలో ఆ మాటకు బరువుంది. పొట్టి బల్ల దగ్గర కూర్చునేది కొత్తగా చేరి సూదిలో దారం కూడా ఎక్కించలేనివాళ్ళు, లేదా చేతులు వణికి మిషను మానేసినవాళ్ళు. ఆమె మిషను కిటికీ పక్కన ఉంటుంది. ఆ కిటికీ వెలుతురు, ఆ ఇస్పేటు రాణి, పంచుకుని కుట్టే చక్రానికి మధ్య కుట్టు తనే వేయాలన్న హక్కు, ఇవి తప్ప ఆమెకు ఈ లోకంలో తనదని చెప్పుకోడానికి వేరే ఏమీ లేదు. వాటినే పందెం కాసింది. కాసేటప్పుడు ఓడిపోతానన్న ఆలోచన ఆమెకు ఆమడ దూరంలో కూడా లేదు.

గడువు పదిహేను రోజులు. ఒక్క చేత్తో అయ్యే పని కాదని మాస్టారు చెరిసగం చేశాడు. పదహారు కోసుల అర్ధచక్రం అక్క కుట్టాలి, పదహారు కోసుల అర్ధచక్రం చెల్లెలు కుట్టాలి. రెండు సగాలనూ మధ్యగా ఒకే ఒక పొడుగు కుట్టుతో కలపాలి. ఆ కుట్టు అక్కది. వలయం పని పిల్లలకు ఇచ్చాడు.

గుడ్డ వచ్చింది. ఆసుపత్రి వాళ్ళే ఎంచి పంపారు, నీలంలో ఎనిమిది ఛాయలు, అరచేయి పెడితే అవతల గీతలు కనిపించేంత పల్చన. ఇలాంటిది దోమతెరకు పనికొస్తుంది, బొంతకు కాదు అని పావంగుళం పెదవి విరిచింది. ఎంచినవాళ్ళకు కంటి జబ్బు ఉండి ఉంటుంది, ఆసుపత్రి మనుషులే కదా అంది. పిల్లలు నవ్వారు. చెల్లెలు మాత్రం మూడు పీలికలు కత్తిరించుకుని కుట్టుకుంటూ కూర్చుంది. గుడ్డనంత తిట్టిన పావంగుళం ఆ గుడ్డనే రాణిగారి పక్కకు నెట్టి, ఎప్పటిలాగే కుట్టడం మొదలుపెట్టింది. ముప్పై రెండు కోసులూ ఒకే రేకు అచ్చుతో ఒకే రోజు కత్తిరించినవి. మిగిలిందల్లా కుట్టు.

తొమ్మిదో రోజు, శనివారం మధ్యాహ్నం, రెండు సగాలూ కటింగు బల్ల మీద పరిచారు. కుట్లన్నీ ఒకే పక్కకు మడిచి ఇస్త్రీ చేసినవి, వెనక నుంచి చూస్తే విసనకర్రల్లా ఉన్నాయి. మాస్టారు రెండు మధ్యలనూ ఒకదానికొకటి ఆనించాడు. అక్కడ కలిశాయి. అంచుల దగ్గర కలవలేదు. అటు చివర నువ్వుగింజంత, ఇటు చివర నువ్వుగింజంత, ఒక సగం రెండోదానికన్నా బయటికి వచ్చి ఉంది. అక్కది పెద్దది, చెల్లెలిది చిన్నది.

ఎవరూ ఏమీ కొలవలేదు. కొలిచే పని ఏముంది. తప్పు ఎవరిదో ఆ గదిలో గోడలకు కూడా తెలుసు. మాస్టారు చెల్లెలి వైపు జాలిగా చూశాడు. పిల్లలు చూపు దించుకున్నారు. పావంగుళం ఏమీ అనలేదు, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అది అన్నదానికన్నా ఎక్కువ. చెల్లెలు రెండు సగాల్నీ కాసేపు చూసి, నాదే అయ్యుంటుందిలెండి, సోమవారం పొద్దున్నే వచ్చి విప్పుతాను అంది. ఒంటిపూట కావడంతో అందరూ దిగి వెళ్ళారు.

పావంగుళం వెళ్ళలేదు. ఆమెకు ఆ విజయం ఇంకాసేపు ఒంటరిగా అనుభవించాలనిపించింది. గోడ మీది మాస్టారి కాగితం తీసి బల్ల మీద పరిచి, చెల్లెలి సగం దాని మీద పెట్టింది, ఎంత తగ్గిందో కళ్ళారా చూద్దామని. తగ్గలేదు. అంచు పెన్సిలు గీత మీద పడుకున్నట్టుంది. ఒక్కో కుట్టూ వలయం మొన గీసిన చోటికే వెళ్ళి ఆగింది. కాగితం జరిగిందేమోనని సర్ది మళ్ళీ పెట్టింది. అంతే.

తన సగం పెట్టింది. చుట్టూ నువ్వుగింజంత బయటికి వచ్చింది.

ముందు మాస్టారి గీత తప్పని అనుకుంది. ఆ తర్వాత పిల్లలు కుట్టిన వలయం తెచ్చి తన సగం మీద వేసింది. వంపు పొడుగునా గుడ్డ అలలు అలలుగా లేచింది. చెల్లెలి సగం మీద వేసింది. చెరువు నీళ్ళలా పడుకుంది. ఇక గీతను తిట్టడానికి లేదు. మిగిలిపోయిన నీలం పీలిక ఒకటి తీసుకుని వేళ్ళ మధ్య మడిచింది. మడత ఉందో లేదో తెలియనంత పల్చన. ఈ గుడ్డకు మింగే నోరే లేదు. మింగని గుడ్డకు ఆమె ప్రతి కుట్టులోనూ ఒక పోగు ముందే ఇచ్చేసింది. దోమతెర అని తన నోటితో తనే అంది, తన చేత్తో బొంతగుడ్డలా కుట్టింది.

ఇంటికి వెళ్ళే దారంతా ఆమె చెల్లెల్ని తిట్టుకుంటూనే నడిచింది. ఒక్కసారికి ఏదో గుడ్డి లెక్కలో సరిపోయింది, అంతే. దీని చేతి పని ఎలాంటిదో తనకు తెలియదా. ఆ తెలిసినదాన్ని మరొక్కసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుందనిపించింది. ఇంట్లో భర్త మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు, ఎనిమిదేళ్ళ కిందట మరదలు కుట్టిచ్చిన గుండీ బొంత కప్పుకుని. అది కప్పుకోవద్దని ఆమె చాలాసార్లు చెప్పింది. ఆయనకు అదే నచ్చింది. ఆయన్ని కదిలించకుండా మంచం అంచున కూర్చుని, చిన్న కత్తెరతో పొట్ట మీది గుండీ తెంపింది.

పదహారు మొనలు. ఒక్క చోట. సూది మొన పెడితే ఏ మొన మీద పెట్టామో చెప్పలేనంత దగ్గరగా. ఆమె ఇంకో గుండీ తెంపింది. అక్కడా అంతే. మూడోది తెంపబోతుంటే ఆయనకు మెలకువ వచ్చింది.

"ఏం చేస్తున్నావు నా పొట్ట మీద?"

"పడుకోండి. గుండీ ఊడింది, కుడుతున్నాను."

కుట్టింది కూడా. బొంత మీద జీవితంలో మొదటిసారి కుట్టిన గుండీలు అవి, రెండూ కాస్త పక్కకు పడ్డాయి. వాటిని చూసుకుని, పాతికేళ్ళలో ఒక్కదాన్నైనా ఎత్తి చూడని ఆడదానికి కళ్ళున్నాయని ఎవరు చెప్పారు అనుకుంది. ఇతరుల మీద అన్నప్పుడు ఎంతో రుచిగా ఉండే మాట, ఇటు తిప్పితే నోరంతా చేదుగా ఉంది.

ఆదివారం ఆమె లెక్కలన్నీ వేసింది. నోరు మూసుకుంటే చాలు. చెల్లెలు విప్పుతుంది, అక్క కొలతకు సరిపోయేలా మళ్ళీ కుడుతుంది, వలయాన్ని కాస్త లాగి ఇస్త్రీతో అణగదొక్కితే సరి. ఇస్త్రీతో అణగదొక్కేవాళ్ళ గురించి తను ఎన్నెన్ని అన్నదో గుర్తొచ్చింది. అవైనా ఎవరికి గుర్తుంటాయి. కిటికీ ఉంటుంది, రాణి ఉంటుంది. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. అందరూ ముందే నమ్మేశారు.

సోమవారం ఆమె వెళ్ళేసరికి చెల్లెలు కూర్చుని ఉంది. నీలం సగం ఒళ్ళో పరుచుకుని, కుట్లు విప్పే చిన్న కత్తిని మొదటి మొన దగ్గర ఆనించి, వెలుతురు కోసం ఇటూ అటూ తిరుగుతోంది. కూనిరాగం తీస్తూనే ఉంది. ఆ రాగమే పావంగుళానికి భరించరానిదైంది. సరిగ్గా ఉన్నదాన్ని తప్పని ఒప్పుకుని, పాడుకుంటూ పాడుచేసుకునే మనిషిని ఏమనాలి.

"కత్తి కింద పెట్టు."

"ఎందుకక్కా?"

"పెట్టమన్నానా. నీది సరిగ్గానే ఉంది. నాది ఎక్కువైంది. గుడ్డ పల్చన, నేను చూసుకోలేదు."

ఆ మాటలు కూడా ఆమె తిట్టే గొంతుతోనే అంది. ఆమెకు వేరే గొంతు లేదు. గదిలో మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. మాస్టారు ఏదో అనబోయి చిరునవ్వు నవ్వాడు.

చెల్లెలు మెల్లిగా అడిగింది. "పోగు తక్కువ పట్టావా?"

"నీకెలా తెలుసు?"

"నువ్వు టీకి వెళ్ళినప్పుడు రాణి పక్కన స్కేలు పెట్టి చూశానక్కా. ఎప్పటి మాటో. మా పెద్దది కడుపులో ఉందప్పుడు. అప్పట్నుంచి నేనూ అలాగే కుడుతున్నాను. ఏ గుడ్డ ఎంత తింటుందో తెలీదు కదా, అందుకని పీలికలు కుట్టి చూసుకుంటాను."

"మరి శనివారం నాదే అయ్యుంటుందని ఎందుకన్నావు?"

"నువ్వు తప్పుతావని నేనెందుకు అనుకుంటాను."

మీ బావ బొంత గుండీలు తెంపి చూశానని పావంగుళం చెప్పింది. ఏముంది అని చెల్లెలు అడిగింది. ఏముంటుంది, మొనలున్నాయి అంది అక్క విసుగ్గా.

"అంత బాగా కలిపినదానికి మళ్ళీ గుండీ ఎందుకే నీకు?"

"బాగుంటుంది కదక్కా. పడుకున్నప్పుడు బొటనవేలికి ఏదో ఒకటి తగులుతుంది."

"ఇన్నేళ్ళు తిట్టాను. ఒక్కమాట చెప్పలేకపోయావా?"

"చెబితే ఇంకేం తిట్టేదానివి?"

పిల్లలు నవ్వు ఆపుకోలేక ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్ళారు.

పావంగుళం తన సగం తీసుకుని విప్పింది. పదిహేను కుట్లు, రెండు రోజులు. రాణి గోడను ఒక పోగు జరిపి మళ్ళీ కుట్టింది. ఈసారి అంచులు రెండూ కలిశాయి. కానీ ఆ గుడ్డ రెండోసారి సూది తినే గుడ్డ కాదు. మొనల దగ్గర పాత సూది రంధ్రాలు, వాటి పక్కన కొత్తవి. నడిమధ్యన పొడుగు కుట్టు వేసేటప్పుడు మడతల గుట్ట మీద సూది ఒక్క క్షణం తడబడి దిగింది. తిప్పి చూస్తే, ముప్పై రెండు మొనలూ కలిసే చోట, ఆమె వైపు మొనలు పిగిలిపోయి శనగగింజంత రంధ్రం. ఆ నీలం గుడ్డ ఇంకొకటి కోయడానికి జానెడు కూడా మిగల్లేదు.

ఎవరూ నోరు తెరవలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు అర్థమైంది, పాతికేళ్ళుగా తను పెంచి పోషించిందే. ఒక్కరైనా వెక్కిరిస్తే హాయిగా ఉండేది. చెల్లెలు తన డబ్బా తెరిచి గుండీలన్నిటినీ బల్ల మీద పోసింది. అక్క వాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని ఏరింది. రంధ్రాన్ని అది మూయలేదు. రెండోదీ మూయలేదు. చివరికి బొటనవేలి గోరంత గుండీ పట్టింది. నేను కుట్టనా అని చెల్లెలు అంది. నువ్వు కుడితే నీది అంటారు అని అక్క తనే కుట్టింది, ఎనిమిది పోగులు వేసి. వలయం చుట్టూ అతికింది. వలయం మొనలన్నీ కోసుల కుట్లను తాకాయి. ఆ తర్వాత కత్తెర, కళ్ళజోడు డబ్బా, టీ గ్లాసు తీసుకుని వెళ్ళి పొట్టి బల్ల ముందు కూర్చుంది.

మాస్టారు బతిమాలాడు. మాటవరసకు అన్నదానికి ఇంత పట్టింపు ఏమిటన్నాడు. మాటవరసకు మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారని ఆమె జవాబు.

ఆ మూల ఆమెను మెత్తబరిచిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దారాలు కత్తిరించేవాళ్ళ దగ్గరికి ప్రతి బొంతా బోర్లా వస్తుంది. ముందు చూస్తే చక్రాలు, వెనక చూస్తే మనుషుల అసలు సంగతి. ఎవరు మడత అటు ఇటు తిప్పారో, ఎవరు లాగి సరిపెట్టారో, ఎవరు ముడి వేయకుండా వదిలేశారో అంతా ఆమె చేతుల్లోంచే పోవాలి. ఇదివరకు తన పని చేసుకుంటూ తీరికలేక సగం తిట్లే తిట్టేది. ఇప్పుడు పూర్తికాలం. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. తిట్టే ముందు బొంతను తిప్పి ముందువైపు కూడా చూసేది, గుండీ ఉంటే గోటితో ఎత్తి.

కిటికీ మిషను చెల్లెలికి వచ్చింది. ఇస్పేటు రాణిని ఆవిడ తీయలేదు, పాత చోటికి జరిపింది. పల్చటి గుడ్డల కోసం ఒక పోగు అవతల ఇంకో గోడ పెట్టుకుంది, దాని పైముక్క కళావరు జాకీ. రాణికీ జాకీకీ మధ్య ఏదో నడుస్తోందని పిల్లలు చెప్పుకునేవారు. ఆ పిల్లలకే ఒకరోజు పావంగుళం మూలలోంచి, పేరు పెట్టి ఎవర్నీ పిలవకుండా, గోడవైపు చూస్తూ, మడత పోగును మింగుతుందన్న సంగతి మొత్తం చెప్పేసింది. ఇద్దరికి అర్థమైంది. మిగతావాళ్ళు అవునవును పెద్దమ్మా అన్నారు. ఆమె ముందునుంచీ అనుకున్నదే.

ఆసుపత్రిలో బొంత వేలాడదీసిన రోజున ఆమె వెళ్ళలేదు. వెళ్ళిన భర్త తిరిగొచ్చి, అందరూ మధ్యన ఆ గుండీ చాలా బాగుందన్నారే అని చెప్పాడు. అన్నవాళ్ళకు కంటి పరీక్ష అయ్యిందో లేదో కనుక్కున్నారా అని అడిగింది.

ఆర్నెల్ల తర్వాత ఆమే వెళ్ళాల్సి వచ్చింది, చీకటి మూల ధర్మమా అని చూపు మసకేసి. బొంతకు ఆనించి వేసిన బెంచీ మీదే కూర్చోబెట్టారు. గుండీ సరిగ్గా కూర్చున్నవాళ్ళ భుజం ఎత్తులో ఉంది. ముప్పై రెండు కోసులు, వలయం, అరవైనాలుగు మొనలు. హాలు నిండా మనుషులు, ఒక్కడూ వాటి వైపు చూడటం లేదు. చూడలేరు కూడా. అందరి కళ్ళలో మందు చుక్కలు వేసి ఉన్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన, ఒక కన్నుకు కట్టు, చేయి వెనక్కి పెట్టి గుండీని బొటనవేలితో నిమురుతున్నాడు, గంటసేపటినుంచి నిమురుతున్నట్టున్నాడు. గుడ్డ అక్కడ ఇప్పటికే నునుపెక్కి మెరుస్తోంది.

"అది ముట్టుకోడానికి కాదండీ, చూడ్డానికి," అంది పావంగుళం.

"ఏం చూడమంటారమ్మా, అంతా నీలంగా అలుక్కుపోయి ఉంది. ఇదొక్కటే చేతికి తెలుస్తోంది."

ఎనిమిది పోగులు వేసి కుట్టాను కాబట్టి తెలుస్తోంది, లేకపోతే ఈపాటికి పీకి జేబులో వేసుకునేవాడివి అని ఆమె మనసులో అనుకుంది. నర్సు వచ్చి ఆమె కళ్ళలో కూడా చుక్కలు వేసి, అరగంట కదలకుండా కూర్చోమంది. ముసలాయన్ని లోపలికి పిలిచారు. ఆమె వెనక్కి తిరిగి చూస్తుండగానే మెల్లిమెల్లిగా మొనలు కరిగాయి, కుట్లు కరిగాయి, వలయం గోడలో కలిసిపోయింది. మిగిలింది ఒక నీలం ముద్ద. మాస్టారి చిరునవ్వంత అర్థం లేకుండా ఉంది.

ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరూ కనిపించలేదు. అంటే ఎవరికీ తనూ కనిపించడం లేదు, ఈ హాలులో ఎవరికి కళ్ళున్నాయి గనుక. చేయి వెనక్కి పెట్టి, బొటనవేలితో గుండీ ఎక్కడుందో వెతుక్కుంది. వెంటనే దొరికింది. అనుకున్నట్టే, ఒక పోగు పక్కకు పడి ఉంది.